ఓపల్ ఎడమ భుజం

"కుడి భుజం పనైపోయింది అన్నాడు డాక్టరు. అరిగిన కీలు తీసేసి ఉక్కుది బిగించాడు. 'ఇక రైఫిల్ సంగతి మరిచిపోండి' అన్నాడు. ఏ రైఫిలు బాబూ అని అడిగా. 'ఏదైనా' అన్నాడు. సరే మరి, ఎడమ భుజం సంగతేమిటి అన్నా. నవ్వాడు. నేను నవ్వలేదు. దాంతో ఆయనా మానేశాడు."

ఇలా చెబుతూ ఓపల్ స్ట్రిక్‌ఫేడెన్ ఎడం చేత్తో బిస్కట్ల పిండి కలుపుతోంది. కుడి చెయ్యి మెడకి కట్టిన పట్టీలో వేలాడుతోంది. పిండి సగం గిన్నెలో ఉంది, సగం బల్ల మీద ఉంది. పొయ్యి పక్కన కుర్చీలో ఆమె భర్త డ్వెయిన్ కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"ఎడమ భుజానికి ఈ సంగతి ఇంకా తెలీదు కర్ట్. దాన్ని కూర్చోబెట్టి మెల్లిగా చెప్పాలి," అన్నాడు నాతో.

"నువ్వు ముందు నీ మోకాళ్ళకి చెప్పుకో, కుర్చీలోంచి లేవమని," అంది ఓపల్.

అది ఏప్రిల్ నెల. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య స్కిలెట్ వాగు కరిగిన మంచుతో బురద రంగులో పొర్లుతోంది. ఆమె చెయ్యి ఎలా ఉందో కనుక్కుందామని వంతెన దాటి వెళ్ళాను. కానీ నా మనసులో ఉన్న ప్రశ్న అది కాదు. లోయలో ఎవరి మనసులోనూ అది కాదు. ఈ ఏడు అక్టోబరులో బండ మీద పడుకునేది ఎవరు?

బండ అంటే వాగు పుట్టే చోట కొండ అంచున చాప పరిచినట్టుండే నల్ల రాయి. దాని మీద బోర్లా పడుకుంటే కింద లోతైన లోయ, ఎదురుగా గడ్డి వాలు. వేట కాలంలో తెల్లవారే వేళకి ఎల్క్‌లు ఆ ఎదురు వాలు మీదే మేస్తాయి. గుర్రమంత దుప్పులు. వాటికి దగ్గరగా వెళ్ళే దారి లేదు. లోయలోకి దిగితే చాలు, మనిషి వాసన గాలితో పాటు పైకెక్కి మనకంటే ముందే చేరుతుంది. కాబట్టి ఈ గట్టు మీంచి ఆ గట్టుకి కొట్టాల్సిందే. నాకు బుద్ధి తెలిసినప్పట్నించీ అలా కొట్టేది ఓపల్ ఒక్కతే. ఆమె పడేసిన ఎల్క్ మాంసం మూడిళ్ళ వాళ్ళం చలికాలమంతా తింటాం.

ఆమె వేటగాళ్ళ ఇంట పుట్టలేదు. తండ్రి రంపపు మిల్లులో పనివాడు. పదిహేడేళ్ళకే ఒక వేట శిబిరంలో వంటకి చేరింది. పట్నాల నుంచి వచ్చే పెద్దమనుషులకి తెల్లారకముందే రొట్టెలూ పంది మాంసమూ వేయించి పెట్టడం, వాళ్ళు తిరిగొచ్చి చెప్పే అబద్ధాలు వినడం. కట్టెలు కొట్టి తెచ్చే కుర్రాడు డ్వెయిన్. పెళ్ళి ఎలా కుదిరిందని అడిగితే, "తడి కట్టెలు తెచ్చేవాడు. తిట్టడానికని రోజూ పిలిచేదాన్ని. అలా అలవాటైపోయింది," అంటుంది.

ఆ పెద్ద రైఫిల్ ఆమెకి దొరికింది ఆ శిబిరంలోనే. త్రీ-థర్టీ-ఎయిట్ అంటారు దాన్ని. తూటా నా చిటికెన వేలంత ఉంటుంది. ఒక పంటి డాక్టరు దాన్ని కొత్తగా కొనుక్కొచ్చాడు. మొదటి రోజు పేల్చగానే అది వెనక్కి తన్ని, మీదున్న దుర్బిణి అంచు ఆయన కనుబొమ్మని నెలవంకలా చీల్చింది. ఓపల్ ఉప్పునీళ్ళతో కడిగి కట్టు కట్టింది. రెండో రోజు మళ్ళీ అక్కడే తగిలింది. మూడో రోజు నుంచి ఆయన పేల్చే ముందే కళ్ళు మూసుకోవడం మొదలెట్టాడు.

"వెళ్ళేటప్పుడు అన్నాడు, అమ్మాయ్, ఈ దెయ్యాన్ని నేను ఇంటికి తీసుకెళ్ళను, నీ చిన్న తుపాకీ నాకిచ్చి ఇది నువ్వుంచుకో అని. నాకు మాత్రం భయం లేదా? ఉంది. కానీ నేను కళ్ళు తెరుచుకుని భయపడ్డాను. తేడా అంతే." ఓపల్ ఎడమ కనుబొమ్మ మీద కూడా ఒక నెలవంక ఉంది. దాన్ని వేలితో రుద్దుతూ చెప్పింది. దుర్బిణికి కన్ను మరీ దగ్గర పెట్టి రెండు చేతులా పట్టుకుని కాల్చిన మొదటి చలికాలం గుర్తు అది. ఏ కన్నుతో చూస్తోందో కూడా అప్పట్లో తెలీదట.

అంత పెద్దది ఎందుకని ఒకసారి అడిగాను. "దూరం పోయేకొద్దీ తూటా అలిసిపోతుంది అబ్బాయ్. తేలికది ముందు అలిసిపోతుంది, గాలి దాన్ని ఎటంటే అటు లాక్కుపోతుంది. బరువైందానికి ఆ గట్టు చేరేసరికి కూడా ఇంకా ఓపిక ఉంటుంది. అంత జంతువుని గాయం చేసి వదిలెయ్యడం కంటే నా భుజం నెప్పెట్టడం నయం కదా?"

ఆమె రోజుకి ఒక్కటే కాలుస్తుంది. మంచు కరిగినప్పట్నించీ వేట కాలం దాకా, పొద్దున్నే, కాఫీ తాగకముందు. వాళ్ళ పెరట్లో చాప మీద పడుకుని, వాగు దాటించి, మా మేత భూమి చివర మట్టిగట్టు ముందు గొలుసులతో వేలాడే ఇనుప పలక మీదికి. పాత బుల్‌డోజర్ బ్లేడు కోసి చేసిన పలక అది, కంచమంత ఉంటుంది. మేం గంట అంటాం. ఐదు వందల గజాలు. బండ మీంచి ఎదురు వాలుకి ఎంతో ఇదీ అంతే.

"ఒక్కటే ఎందుకు? ఇంకో రెండు కొట్టొచ్చుగా?"

"కొండ మీద ఎల్క్ రెండోదాని కోసం నిలబడదు. చల్లటి గొట్టంలోంచి వెళ్ళే మొదటిది ఒక్కటే నాది. తర్వాత కాల్చేవన్నీ ఊరివాళ్ళ వినోదానికి."

వాగుకి అవతలివాళ్ళకి ముందు పేలుడు వినిపిస్తుంది, కాస్త ఆగి ఎక్కడో దూరాన 'ణంగ్'మంటుంది. మా ఇల్లు గంట పక్కనే కాబట్టి మాకు తిరగబడి వినిపిస్తుంది. ముందు కొరడా ఝళిపించినట్టు గాలి చీలుతుంది, వెంటనే గంట, ఆ రెండూ అయిపోయాక తీరిగ్గా పేలుడు. గంట మోగాకే పేలుడు వినిపించేది కాబట్టి, గంటే తుపాకీని పేలుస్తుందని చిన్నప్పుడు నా చెల్లెలు చాలా కాలం నమ్మింది. ఆ గంట విని లోయలో కాఫీ కెటిల్లు పొయ్యెక్కుతాయి. ఆపరేషనైన ఆ వసంతమంతా కెటిల్లు ఎప్పుడెక్కాయో ఎవరికీ లెక్క లేదు.

మే నెలాఖరులో స్ట్రిక్‌ఫేడెన్‌ల పెరట్లో అందరం కూడి మాంసం కాల్చుకుంటుంటే, డ్వెయిన్ తమ్ముడు హార్లన్ ఆ మాట బయట పెట్టాడు. హార్లన్ పట్నంలో ట్రాక్టరు సామాన్లు అమ్ముతాడు. మంచివాడు. అతని రైఫిలు, దాని మూడు కాళ్ళ స్టాండు, గాలి కొలిచే చిన్న పంకా, అన్నిటినీ కలిపి లెక్కలు చెప్పే ఫోను, ఇవన్నీ మొయ్యడానికే ఒక కంచరగాడిద కావాలి.

"వదినా, ఈ ఏడు బండ మీద నేను పడుకుంటా. నువ్వు వెనక కూర్చుని నన్ను తిట్టు," అన్నాడు.

"అది ఎలాగూ చేస్తాను."

"నా రైఫిలు తొమ్మిది వందల గజాలు కొడుతుంది తెలుసా?"

"రైఫిలు కొడుతుందిలే. నువ్వెంత కొడతావు?"

అందరూ నవ్వారు. హార్లన్ కూడా నవ్వాడు, కానీ మాట వెనక్కి తీసుకోలేదు. "వదినా, నిజంగానే అంటున్నా. మాంసం సంగతుంది. గాయపడిన ఎల్క్‌ని వెతుక్కుంటూ చీకట్లో తిరగడం నీకే ఇష్టం ఉండదు."

ఓపల్ చేతిలో ఉన్న ప్లేటు కింద పెట్టింది. "నువ్వన్నది నిజమే," అంది. "అందుకని విను. వేట కాలం ముందు వారం ఏ పొద్దూ తప్పకుండా గంట మోగాలి. మోగితే బండ నాది. ఒక్క పొద్దు తప్పినా నీది, మళ్ళీ ఏ ఏడాదీ అడగను. అరవై ఏడేళ్ళొచ్చాయి, బండని పట్టుకుని వేలాడను."

డ్వెయిన్ కాలుతున్న మాంసం తిరగేస్తూ ఉండిపోయాడు. 

ఎడమ భుజానికి రైఫిల్ నేర్పడం జూన్‌లో మొదలైంది. కుడి కన్ను దారికి అడ్డం రాకుండా కళ్ళజోడు కుడి అద్దానికి ప్లాస్టరు అంటించుకుంది. ఆ కళ్ళజోడుతోనే చర్చికి వచ్చేది, కొట్టుకి వచ్చేది. కొట్లో ఎవరో "కంటికేమైంది ఓపల్?" అని అడిగితే, "ఏం కాలేదు, సెలవిచ్చాను," అంది. తూటా లేకుండా, కొండ మీది ఒక మొద్దుకి గురిపెట్టి రోజూ గంటల కొద్దీ పడుకునేది. తూటా ఎక్కించే బోల్టు కుడి పక్క ఉంటుంది కాబట్టి దాన్ని తెరవాలంటే చెయ్యి మీంచి వంచి అందుకోవాలి. "ఎడం చేత్తో పళ్ళు తోముకున్నట్టుంది," అనేది.

ఒక పొద్దున కొరడా చప్పుడు వినిపించింది. గంట లేదు. తర్వాత పేలుడు. నేను పరుగున మేత భూమి చివరికి వెళ్ళేసరికి జేబులో ఫోను మోగుతోంది.

"ఎక్కడ?"

"కుడి పక్కన మట్టి లేచింది. అంచుకి బెత్తెడు దూరం."

"గాలి," అంది ఓపల్, ఫోను పెట్టేసింది.

మా లోయలో పొద్దుటి గాలి ఎప్పుడూ ఎగువ నుంచే దిగుతుంది, అంటే ఆమె పడుకున్న చోటికి ఎడమ నుంచి. కాబట్టి ఆ మాట నమ్మేలాగే ఉంది. మర్నాడు దుర్బిణి మీద గురి జరిపే మర ఒక టిక్కు ఎడమకి తిప్పి కాల్చింది. మళ్ళీ కుడి పక్కే. "గాలి." ఇంకో టిక్కు. వారాలు గడిచాయి. డ్వెయిన్ రోజూ ఆమె భుజానికి మంచుగడ్డలు పెట్టేవాడు. అక్కడ చర్మం కమిలి, హకిల్‌బెర్రీ జామ్‌లా ముదురు ఊదా రంగులో ఉందని నాకు చెబుతుంటే, "నా ఒంటి సంగతులు లోయంతా చాటింపు వెయ్యి," అని ఆమె లోపల్నుంచి అరిచేది.

జూలై చివర గంట మోగింది. మా పొరుగున ఎవరో వాకిట్లోకొచ్చి చప్పట్లు కొట్టారు. హార్లన్ పట్నం నుంచి ఫోను చేసి, "వదినా, విన్నాను," అన్నాడట. "నువ్వు ముప్పై మైళ్ళ దూరంలో విన్నావా?" "అన్నయ్య ఫోనులో అరిచాడు కదా." ఆ తర్వాత నాలుగు పొద్దుల్లో మూడు పొద్దులు మోగేది. ఇంకెవరైనా అయితే మురిసిపోయేవాళ్ళు. ఓపల్ మాత్రం గంట మోగినా నమ్మకం కుదరక, ఒక రోజు దాన్ని వదిలేసి, రెండు వందల గజాల్లో కాగితం పెట్టి కాల్చింది. ఆ దూరంలో ఆమె తూటా కోడిగుడ్డంత సున్నాలో దిగాలి. ఈసారి ఎడమకి పోయింది, మూడు వేళ్ళు.

ఆ తర్వాత కొన్ని పొద్దులు ఏ చప్పుడూ లేదు.

నేను వెళ్ళేసరికి ఆమె పెరట్లో చాప మీదే కూర్చుని ఉంది. రైఫిలు ఒళ్ళో ఉంది. డ్వెయిన్ మెట్ల మీద కూర్చున్నాడు.

"ఆకు కదలని పొద్దున కాల్చాను," అంది నన్ను చూసి. "అయినా రెండు వందల్లో ఎడమ. ఐదు వందల్లో గంట. అది గాలి పని కాదు అబ్బాయ్. గాలి అలా రెండు నాలుకలతో మాట్లాడదు. నేనే భయపడుతున్నా. పేలే ముందు ఉలిక్కిపడుతున్నానేమో, నాకే తెలీకుండా. ఆ పంటి డాక్టరులాగా."

"బండ నీదేనని హార్లన్‌కి చెప్పేశావా?" అని అడిగాడు డ్వెయిన్.

"రేపు చెబుతా."

"అయితే ఇవాళ్టి రోజు నాది. ఆ రైఫిలిటియ్యి."

డ్వెయిన్ తుపాకీ కాల్చడు. వయసులో ఒకసారి కాల్చాడట, కంచె మీద ఆరేసిన తన టోపీకే తగిలిందట. కానీ శిబిరంలో ఉలికిపాటు పట్టుకునే పద్ధతి అతనికి తెలుసు. భయపడే వేటగాడి రైఫిలు తీసుకుని, వెనక్కి తిరిగి, తూటా పెట్టో పెట్టకుండానో బోల్టు మూసి ఇస్తారు. లోపల ఉందో లేదో అతనికి తెలీదు. లేనప్పుడు ట్రిగ్గర్ నొక్కితే ఉత్త టక్కుమంటుంది, ఉలిక్కిపడే మనిషి గొట్టం ముక్కు నేలకి వంచేస్తాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వుతారు.

డ్వెయిన్ అటు తిరిగి బోల్టు మూసి ఇచ్చాడు. ఓపల్ పడుకుని, ఊపిరి వదిలి, నొక్కింది. టక్. గొట్టం వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"ఇంకోసారి," అంది.

మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ టక్. మళ్ళీ కదల్లేదు.

"తూటా పెట్టకుండా మోసం చేస్తున్నావు. నాకు తెలిసిపోతోంది నీ మొహం చూస్తే."

"నా మొహం నీ వెనకుంది. ఓపల్, లేవకు. అలాగే ఉండు. ఒళ్ళు కదిలించకు."

అతను ఆమె కాళ్ళ దగ్గర నిలబడి, తల అటోసారి ఇటోసారి వంచి చూశాడు. నలభై ఏళ్ళు తలుపు చట్రాలు నిలబెట్టిన వడ్రంగి. మోకాళ్ళు ఎంత వేగం ఒప్పుకుంటే అంత వేగంగా షెడ్డులోకెళ్ళి, వేలెడంత రసమట్టం తెచ్చి, దుర్బిణి పైన బల్లపరుపుగా ఉన్న మర మూత మీద అడ్డంగా పెట్టాడు. బుడగ ఒక చివరికి పరిగెత్తి అక్కడే నిలబడింది.

"నేను తిన్నగానే ఉన్నాను!" అంది ఓపల్ దుర్బిణిలోంచి కన్ను తియ్యకుండా.

"నువ్వు తిన్నగానే ఉన్నావు తల్లీ. రైఫిలే నీ బుగ్గ మీదికి ఒరిగింది."

ఆమె మెల్లిగా రైఫిలు తిప్పింది. బుడగ మధ్యకి వచ్చింది. "ఇప్పుడు వంకరగా ఉంది," అంది. "నీకు అలా అనిపిస్తోంది," అన్నాడు. ఆమె ఇంకోసారి బుడగ వైపు చూసింది. తర్వాత ఆమె నుదురు చాప మీద ఆనించి నవ్వడం మొదలెట్టింది. వీపంతా ఊగుతోంది.

నాకు అర్థం కాలేదు. ఆమె లేచి కూర్చుని చెప్పింది. "ఆ చెక్క కుడి భుజం మనిషి కోసం చెక్కారు అబ్బాయ్. నా ఎడమ బుగ్గకి సుఖంగా లేక, దాన్నే నా వైపు లాక్కుంటున్నాను. దూరం కొట్టాలంటే తూటాని కాస్త పైకి విసురుతాం కదా? తుపాకీ పక్కకి ఒరిగితే ఆ పైకి అన్నది కొంత పక్కకి పోతుంది. దూరం పెరిగేకొద్దీ ఎక్కువ పోతుంది. నేనేమో దాన్ని గాలి అనుకుని మర తిప్పుకుంటూ పోయాను. తప్పు మీద తప్పు పెట్టి రెండిటినీ ఐదు వందల గజాల్లో కలిపాను. గంట మోగింది. లోయంతా చప్పట్లు!"

"వేసవంతా తిట్టావు పాపం గాలిని," అన్నాడు డ్వెయిన్.

"క్షమాపణ చెప్పుకుంటాలే. నువ్వెళ్ళి నీ రంపం తెచ్చుకో."

ఆ వారంలో డ్వెయిన్ చెక్క వెనక భాగాన్ని ఆమె బుగ్గకి తగ్గట్టు చిత్రిక పట్టి, పాత జీను తోలు అంటించాడు. షెడ్డులో పడున్న ఇంకో విరిగిన రసమట్టంలోంచి బుడగ గొట్టం ఊడదీసి దుర్బిణి పక్కన బిగించాడు. ఓపల్ తను తిప్పిన టిక్కులన్నీ వెనక్కి తిప్పేసి మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టింది. సెప్టెంబరులో గంట మోగిన పొద్దులే ఎక్కువ, తప్పినవి తక్కువ. తప్పినప్పుడు ఆమె ఫోనులో "గాలి" అనడం మానేసింది. "బుడగ చూడలేదు," అనేది.

అక్టోబరులో ఆ వారం రానే వచ్చింది. ఆఖరి రోజు దాకా ప్రతి పొద్దూ గంట మోగింది. లోయలో కెటిల్లు వేళకి ఎక్కాయి. ఆఖరి పొద్దున పొగమంచు. మా వాకిట్లోంచి మా కొట్టమే కనపడటం లేదు. హార్లన్ ముందు రాత్రే వచ్చి వాళ్ళింట్లో పడుకున్నాడు. నేను వెళ్ళేసరికి వాళ్ళ వాకిట్లో కాఫీ కప్పు పట్టుకుని తిరుగుతున్నాడు.

"వదినా, కనపడని గంటని ఎవరు కొడతారు? ఈ పొద్దుని లెక్కలోంచి తీసేద్దాం. బండ నీదే."

"ఎందుకు తీసెయ్యాలి? పొద్దు ఇంకా ఉందిగా."

"నేను వదిలేస్తున్నానంటే నువ్వు పట్టుకుంటావేం?"

"ఎల్క్‌తో కూడా ఇలాగే మాట్లాడతావా? లెక్కలోంచి తీసేద్దాం అని?"

మధ్యాహ్నానికి గానీ మంచు విడలేదు. విడేసరికి పొద్దుటి గాలి కాదు, నిజమైన గాలి లేచింది. నేను గంట దగ్గరికి వెళ్ళి మట్టిగట్టుకి దూరంగా, కంచె వెనక నిలబడ్డాను. చాలాసేపు ఏమీ లేదు. గడ్డి వంగుతోంది, లేస్తోంది. అప్పుడు కొరడా చప్పుడు, దాని వెనక గంట, కానీ ఎప్పటిలా ణంగ్ అని కాదు, బొంగురుగా. పలక గిర్రున తిరిగింది. వెళ్ళి చూస్తే సీసపు మచ్చ ఎడమ అంచున ఉంది. వేలు వెడల్పు తేడాలో తప్పిపోయేది.

ఫోనులో అదే చెప్పాను. వెనక నుంచి హార్లన్ గొంతు వినిపించింది. "మోగిందిగా వదినా! మోగితే మోగినట్టే!" ఓపల్ మాత్రం, "ఎంత అంచున?" అని ఇంకోసారి అడిగింది. చెప్పాను. "సరే," అంది.

బండ మీదికి నేనూ ఆమే వెళ్ళాం. డ్వెయిన్ మోకాళ్ళ వల్ల కింద వాగు దగ్గర కంచరగాడిదలతో ఉండిపోయాడు. హార్లన్ అతనికి తోడున్నాడు, కాఫీ కాస్తానన్నాడు. రాయి చల్లగా ఉంది. ఓపల్ తన కోటు మడిచి రైఫిల్ ముందు భాగం కింద పెట్టుకుంది. కళ్ళజోడుకి ప్లాస్టరు అలాగే ఉంది. నేను పక్కన పడుకుని పెద్ద దుర్బిణి స్టాండు మీద పెట్టి ఎదురు వాలు వెతుకుతున్నాను.

వెలుగు వచ్చేసరికి వాలు పై భాగాన పెద్ద కొమ్ముల మగ ఎల్క్ కనిపించింది.  దూరం చూసే యంత్రం నొక్కితే ఏడు వందలు దాటి చూపించింది. "ఓపల్..."

"చూశాను. అది హార్లన్‌ది. నా ఎడమ భుజం అంత దూరం ఎప్పుడూ వెళ్ళలేదు. అందంగా ఉంది, చూసుకో."

చూసుకున్నాం. అది గట్టు దాటి వెళ్ళిపోయింది. తర్వాత కింద చెట్లలోంచి ఆడ ఎల్క్‌లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అన్నిటికంటే వెనక ఈ ఏడు దూడ లేని, బాగా బలిసిన ఆడది. యంత్రం నాలుగు వందల ఎనభై చూపించింది. ఓపల్ మర తిప్పింది. కన్ను ఒకసారి బుడగ మీదికి వెళ్ళి వచ్చింది. గాలి ఎటుందోనని ఎదుటి గడ్డిని చూసింది, మధ్యలో లోయ మీద తిరిగే డేగ రెక్కల్ని చూసింది. ఎల్క్ తల వంచి మేస్తోంది. ఒక అడుగు వేసింది. పక్కకి తిరిగింది. ఓపల్ ఊపిరి వదలడం వినిపించింది.

పేలుడు లోయలో అటూ ఇటూ కొట్టుకుంది. దాని వెనకే ఎదురుగట్టు నుంచి 'ధబ్' అని మెత్తటి చప్పుడు తిరిగొచ్చింది. ఎల్క్ వీపు వంచింది, నాలుగైదు అడుగులు నడిచింది, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. ఆ నిలబడటం నాకు చాలాసేపు అనిపించింది. తర్వాత ముందు కాళ్ళు మడిచి, తన ఇష్టంతోనే అన్నట్టు సేజ్ పొదల్లో కూలింది. మళ్ళీ లేవలేదు. మిగిలినవి కొంచెం దూరం పరిగెత్తి, వెనక్కి తిరిగి చూసి, మెల్లిగా గట్టెక్కాయి.

ఓపల్ ఇంకో తూటా ఎక్కించి చాలాసేపు దుర్బిణిలోంచే చూస్తూ ఉంది. ఇక కదలదని నమ్మకం కుదిరాక బోల్టు తెరిచి తూటా తీసేసింది. మర వెనక్కి తిప్పి "సున్నా," అని పైకే అంది. అలా అనడం ఆమెకి అలవాటు. తిప్పిన మర మరిచిపోయి మర్నాడు దగ్గర దాన్ని కొట్టబోతే తూటా దాని వీపు మీంచి పోతుంది. ఆ పాఠం శిబిరంలో ఎందరో పెద్దమనుషులు నేర్చుకోగా చూసింది. తర్వాత ఎడమ భుజం రుద్దుకుంటూ జేబులోంచి బిస్కట్ తీసి, సగం విరిచి నాకిచ్చింది.

"బాగుంది," అన్నాను నేను.

"ఏది బాగుంది? బిస్కటా?"

"కొట్టడం. పడిందిగా."

"పడిందిలే. మాంసం ఉంటుంది చలికాలానికి, అది సంతోషమే. కానీ నడిచింది చూశావా? నిలబడింది. సరిగ్గా తగిలినా ఒక్కోసారి అలా నిలబడతాయి. కొంచెం వెనక తగిలినా నిలబడతాయి. ఇక్కణ్ణుంచి నాకు తెలీదు." ఆమె గొంతులో దిగులేమీ లేదు. బిస్కట్ నములుతూ, ఎండ ఎక్కుతున్న వాలుని చూస్తూ చెబుతోంది. "కుడి భుజంతో అయితే అడగకపోదును. ఇది కొత్త భుజం, దీన్నింకా పూర్తిగా ఎరగను. దీనికి ఎంత దూరం ఇవ్వొచ్చో నాకు తెలియాలి. అనుకున్న చోట తగిలితే వచ్చే ఏడు కూడా ఇక్కడే పడుకుంటా, హార్లన్ నన్ను లాగినా లేవను. అరచెయ్యి వెడల్పు కంటే పక్కకి పోయి ఉంటే బండ వాడికిచ్చేసి, నేను కింద చెట్లలో దగ్గర వాటి కోసం కూర్చుంటా. అదీ బాగానే ఉంటుంది. చలి తక్కువ."

నేను లేచి సంచి భుజానికి తగిలించుకున్నాను. దూరం కొట్టిన మనిషి చోటు వదలకూడదన్నది ఇక్కడి పద్ధతి. అటు వెళ్ళేసరికి పొదలన్నీ ఒకేలా ఉంటాయి, పడిన చోటు దొరకదు. కొట్టిన వాళ్ళు ఇక్కడే ఉండి, ఆ చోటు మీంచి కన్ను తియ్యకుండా, టోపీ ఊపి దారి చూపాలి.

ఓపల్ నా పెద్ద దుర్బిణిని తన వైపు లాక్కుని సరిచేసుకుంది.

"ఇక బయల్దేరు. లోయలోకి ఎడమ పక్క నుంచి దిగు, కుడి పక్క రాళ్ళు జారతాయి. అటు ఎక్కాక నన్ను చూడు, టోపీ ఎటు ఊపితే అటు వెళ్ళు. దాని దగ్గరికి వెళ్ళాక వెంటనే కత్తి తియ్యకు. నేను గురిపెట్టింది ముందు కాలి వెనక మడతలో. తూటా నిజంగా ఎక్కడ దిగిందో అక్కడ నీ అరచెయ్యి పెట్టి, ఇటు తిరిగి కాసేపు అలాగే ఉండు, దీన్లోంచి చూసుకుంటాను. ముసల్ది బాధపడుతుందని చెయ్యి జరపొద్దు అబ్బాయ్. ఎక్కడ తగిలితే అక్కడే పెట్టు."